కొండ మీది లగ్జరీ రిసార్టు పర్యావరణ భారం తగ్గించుకోవడం ఎలా: వికారాబాద్ వైపు హోటల్ నడిపే హైదరాబాదీల కోసం

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ కిందికి దిగి గండిపేటకు చేరుతుంది. 1908 వరద తర్వాత కట్టిన ఆ ఉస్మాన్‌సాగర్ 1920 నుంచి హైదరాబాద్ గొంతు తడుపుతోంది. వికారాబాద్ వైపు కొండ మీద ఖరీదైన రిసార్టు కట్టి, శని ఆదివారాల్లో సిటీ జనాన్ని రప్పించుకునే వాళ్లకు ఇక్కడే ఒక చిక్కుంది. పైన వదిలిన మురుగు వాలు వెంబడి వెళ్లేది మీ గెస్టుల నల్లాల వైపే.

చాలా హోటళ్లు పర్యావరణం పేరు చెప్పి మొదట చేసే పని, మంచం మీద 'టవల్ మళ్లీ వాడండి' అని కార్డు పెట్టడం. రాత్రికి పదిహేను వేలు కట్టి వచ్చిన మనిషికి మొదటి రోజే సుద్దులు చెబితే చిరాకు పడతాడు. అసలు ఖర్చు, అసలు కాలుష్యం ఆయన కంటికి కనిపించని చోట ఉంటాయి. పంపు రూములో, వంటగదిలో, లాండ్రీలో, జనరేటర్ షెడ్డులో. అక్కడ పని సరిగ్గా జరిగితే గెస్టుకు సుఖం తగ్గదు, మీకు బిల్లు తగ్గుతుంది. కార్డు సంగతి చివర చూసుకోవచ్చు.

ముందు మీటర్లు పెట్టండి

మొత్తం హోటల్‌కు ఒకే కరెంటు మీటరు, బోరుకు అసలు మీటరే లేకపోవడం మామూలుగా కనిపించే పరిస్థితి. నెలాఖరున పెద్ద అంకె వస్తుంది, అందరూ ఏసీల మీద నెపం వేస్తారు. కనీసం ఆరు చోట్ల సబ్‌మీటర్లు పెట్టించండి: గదులు, సెంట్రల్ ఏసీ, వేడి నీళ్లు, వంటగది, లాండ్రీ, మురుగు శుద్ధి ప్లాంటు. నీళ్లకైతే బోరు, ట్యాంకర్ దిగే చోటు, వంటగది, లాండ్రీ, స్విమ్మింగ్ పూల్, తోట.

రీడింగ్ రోజూ ఒకే వేళకు రాయాలి. తెల్లవారుజామున మూడింటికి, గెస్టులందరూ నిద్రలో ఉన్నప్పుడు, నీటి మీటరు ఎంత తిరిగిందో చూడండి. అప్పుడు కూడా అది బాగా తిరుగుతుంటే ఎక్కడో ఫ్లష్ ట్యాంకు కారుతోంది, లేదా భూమిలో పైపు పగిలింది. దీనికి ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు, నైట్ షిఫ్టులో ఉన్న కుర్రాడు చాలు. మొత్తాన్ని ఆ రోజు నిండిన గదుల సంఖ్యతో భాగించి, గదికి ఎన్ని లీటర్లు, ఎన్ని యూనిట్లు అని బోర్డు మీద రాయండి. ఇకపై చేసే ప్రతి పనినీ ఆ అంకెతోనే కొలవాలి.

నీళ్లు: బోరు లోతు పెంచకుండా గడిచేలా

జాతీయ భవన నిర్మాణ కోడ్ ఐదు నక్షత్రాల హోటల్‌కు మంచానికి రోజుకు 320 లీటర్లు అని లెక్కేస్తుంది. అరవై డబుల్ రూములంటే 38,400 లీటర్లు. సిటీలో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు ఎనిమిది. ఎండాకాలంలో ఆ నీళ్లు పక్క ఊరి పొలం బోరు నుంచే వస్తాయి, అది అందరికీ తెలిసిన విషయమే. కొత్త బోరు వేయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. రాతి నేలలో నీళ్లు ఉండేది పగుళ్లలోనే కాబట్టి, మీరు ఇంకో రెండు వందల అడుగులు దిగితే పక్కవాళ్ల బోరు ఎండే అవకాశం ఎక్కువ.

షవర్‌తో మొదలుపెట్టండి. పాత రకం షవర్ నిమిషానికి 15 లీటర్లు వదులుతుంది. ఎనిమిది నిమిషాల స్నానానికి 120 లీటర్లు. గాలి కలిపి ధారను ఒత్తుగా ఇచ్చే రకం 8 లీటర్లతో సరిపెడుతుంది, అదే స్నానం 64 లీటర్లలో అవుతుంది. ఇక్కడ కక్కుర్తి పడి చవక రకం కొనొద్దు. ధార సన్నగా వస్తే గెస్ట్ మరో పది నిమిషాలు నిలబడతాడు, తర్వాత రివ్యూ కూడా రాస్తాడు. రెండు మూడు బ్రాండ్లు తెప్పించి, మీ ఇంటివాళ్ల చేత, ముఖ్యంగా పొడవాటి జుట్టు ఉన్నవాళ్ల చేత, స్నానం చేయించి చూశాకే ఆర్డర్ ఇవ్వండి.

వాష్‌బేసిన్ కుళాయిలకు ధారలో గాలి కలిపే ఏరేటర్లు, టాయిలెట్లకు మూడు, ఆరు లీటర్ల రెండు బటన్ల ఫ్లష్. ఇవి చిన్న పనులు, ఒక వారంలో అయిపోతాయి.

స్విమ్మింగ్ పూల్ సంగతి వేరు. ఎండకు రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైనా 100 చదరపు మీటర్ల పూల్ నుంచి 500 లీటర్లు గాలిలో కలిసిపోతాయి. రాత్రి కవర్ కప్పితే చాలా వరకు ఆగుతుంది. గదికో చిన్న ప్రైవేటు పూల్ (ప్లంజ్ పూల్) అనే ఫ్యాషన్ ఇప్పుడు బాగా నడుస్తోంది. నన్నడిగితే కొండ మీద అది వద్దనే అంటాను. ఒక్క మంచి పూల్, చుట్టూ నీడ, పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఉంటే మన జనానికి లోటేమీ ఉండదు.

ఇక వాన. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద అది 8 లక్షల లీటర్లు. ఐదో వంతు పోయిందనుకున్నా 6.4 లక్షలు మిగులుతాయి. పైన లెక్కేసిన హోటల్‌కు పదహారు రోజుల నీళ్లు. కప్పు మీద పడిన మొదటి వానను బయటికి వదిలేసి, మిగతాది ఫిల్టర్ మీదుగా సంపులోకి మళ్లించండి. నేల మీద పడేదానికి వాలుకు అడ్డంగా కందకాలు, మధ్యలో రాళ్ల కట్టలు, కింద ఇంకుడు గుంతలు. పార్కింగ్ నుంచి వచ్చే ఆయిల్ నీళ్లను మాత్రం ఇంకుడు గుంతలోకి పోనివ్వకండి. మురికి నేరుగా భూగర్భంలోకి దిగడానికి దారి ఇచ్చినట్టవుతుంది.

మురుగు: శనివారం నిండే ప్లాంటు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

సెప్టిక్ ట్యాంకు, దాని నీళ్లను నేలలోకి ఇంకించే సోక్ పిట్ పద్ధతి పొలంలోని ఇంటికి సరిపోతుంది. పగుళ్లున్న రాతి మీద అరవై గదుల హోటల్‌కు అది పనికిరాదు. వడకట్టేంత మట్టి మందం లేనిచోట మురుగు పగుళ్లలోంచి జారి కింది బావుల్లోకి చేరుతుంది. మురుగు శుద్ధి ప్లాంటు తప్పదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతికి కూడా అది కావాలి.

అయితే ప్లాంటు ఉండటం వేరు, అది నడవడం వేరు. తనిఖీ వచ్చినప్పుడే బ్లోయర్ (మురుగులోకి గాలి కొట్టే యంత్రం) ఆన్ అయ్యే ప్లాంట్ల గురించి ఈ రంగంలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. మురుగును తినేది బ్యాక్టీరియా, దానికి గాలి కావాలి. కరెంటు ఆదా చేద్దామని గంటల తరబడి బ్లోయర్ ఆపితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, కంపు మొదలవుతుంది. గెస్ట్ ఫిర్యాదు చేస్తే ఎవరో ఫినాయిల్ పోస్తారు. దాంతో మిగిలిన బ్యాక్టీరియా కూడా పోతుంది. ప్లాంటుకు విడిగా సబ్‌మీటర్ పెట్టమన్నది ఇందుకే. రోజువారీ యూనిట్లు చూస్తే ప్లాంటు నిజంగా నడిచిందో లేదో ఆఫీసులో కూర్చుని చెప్పొచ్చు.

రెండో సమస్య మన వారాంతం వ్యాపారంది. సోమవారం నుంచి గురువారం వరకు పది గదులు, శనివారం అరవై గదులు, పైన ఒక సంగీత్. వారమంతా పస్తున్న బ్యాక్టీరియా మీద ఒక్కసారిగా ఆరింతల మురుగు పడితే అది తట్టుకోలేదు. కాబట్టి ప్లాంటుకు ముందుండే ఈక్వలైజేషన్ ట్యాంకును మామూలు కంటే పెద్దది కట్టించండి. శని, ఆదివారాల మురుగును అందులో, గాలి కొడుతూ, పట్టి ఉంచి, మంగళ, బుధవారాల దాకా కొంచెం కొంచెంగా వదలాలి. డిజైన్ చేసే ఇంజినీరుకు మీ ఆక్యుపెన్సీ చార్టు వారంలోని ఏడు రోజులకూ విడిగా ఇవ్వండి. సగటు అంకె ఇస్తే ఆయన సగటు ప్లాంటే కట్టిస్తాడు.

వంటగది నీళ్లు ప్లాంటుకు చేరేముందు నూనె, కొవ్వును ఆపే గ్రీజు ట్రాప్ ఉండాలి, దాన్ని వారానికోసారైనా శుభ్రం చేయాలి. బిర్యానీ, మటన్ కూరల కొవ్వు పైపులో గడ్డకడితే ఎంత ఖరీదైన ప్లాంటైనా మొరాయిస్తుంది. ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీళ్లు ఫ్లష్‌లకూ, తోటకూ, కూలింగ్ టవర్‌కూ వాడండి. దీనికి రెండో పైపు లైను కావాలి. కొత్తగా కడుతుంటే ఇప్పుడే వేయించండి, తర్వాత టైల్స్ పగలగొట్టి వేయడం నరకం.

వేడి, చల్లదనం, కరెంటు

వంద లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55కి తేవాలంటే గీజర్‌లో దాదాపు మూడున్నర యూనిట్లు ఖర్చవుతాయి. హీట్ పంపు బయటి గాలిలోని వేడిని లాక్కుని నీళ్లకు ఇస్తుంది కాబట్టి అదే పని ఇంచుమించు ఒక యూనిట్ పైచిలుకుతో చేస్తుంది. మన వాతావరణంలో గాలి ఏడాదిలో ఎక్కువ కాలం వెచ్చగానే ఉంటుంది గనుక దానికి ఇది అనువైన చోటు. మీరు షవర్ మార్చి నీళ్లను సగం చేశారు కాబట్టి హీట్ పంపు కూడా చిన్నది సరిపోతుంది. అందుకే నీళ్ల పని ముందు చేయమన్నాను.

ఏసీ ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది. గెస్ట్ వచ్చేసరికి గది 24 దగ్గర ఉండాలి, తర్వాత ఆయన ఇష్టం. బాల్కనీ తలుపు తెరిస్తే ఏసీ ఆగిపోయే స్విచ్ పెట్టండి. కొండ గాలి కోసం తలుపు బార్లా తెరిచి, లోపల 18లో ఏసీ వేసుకునే వాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. కప్పుకు తెల్ల కూల్ పెయింట్ వేయిస్తే పై అంతస్తు గదులకు వెంటనే తేడా తెలుస్తుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, వాణిజ్య భవనాలు అందులోకి వస్తాయి.

ఏసీ గ్యాస్ గురించి ఎవరూ అడగరు. ఆర్-410ఏ అనే రకం గ్యాస్ కిలో లీకైతే రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడెక్కిస్తుంది. ఆర్-32 అనే రకం అందులో మూడో వంతు. ప్రతి సీజన్‌కూ 'గ్యాస్ తగ్గింది సార్' అని మెకానిక్ వచ్చి నింపి వెళ్తున్నాడంటే, లీకు ఎక్కడుందో పట్టుకోవడానికి డబ్బులివ్వండి, నింపడానికి కాదు. ఎన్ని కిలోలు నింపాడో రిజిస్టరులో రాయించండి.

కొండ మీద కరెంటు పోవడం మామూలే, డీజిల్ జనరేటర్ కూడా మామూలే. లీటరు డీజిల్‌కు మూడు, మూడున్నర యూనిట్లే వస్తాయి. గ్రిడ్ కరెంటు కంటే యూనిట్ ఖర్చు రెండింతలు దాటుతుంది, పొగ, చప్పుడు అదనం. సోలార్ ఒక కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది, నీడ పడని పది చదరపు మీటర్లు చాలు. 50 కిలోవాట్లంటే రోజుకు 200 యూనిట్లు. ప్యానెళ్ల కోసం చెట్లు కొట్టొద్దు, పార్కింగ్ షెడ్డు కప్పు మీద వేయండి. చిన్న బ్యాటరీ జత చేస్తే పదీ పదిహేను నిమిషాల కోతలకు జనరేటర్ లేవాల్సిన పని ఉండదు.

వంటగది

చెత్తను తూకం వేయడం మొదలుపెట్టండి. మూడు డబ్బాలు: తరిగినప్పుడు పోయింది, వండి మిగిలింది, ప్లేట్లలో వదిలేసింది. రెండు వారాలు తూచితే ఎక్కడ పోతోందో చెఫ్‌కే అర్థమవుతుంది. బఫేలో పెద్ద పాత్ర నిండా పోయకుండా చిన్న పాత్రల్లో మళ్లీ మళ్లీ తెచ్చి పోయాలి. దోసె, పెసరట్టు, ఆమ్లెట్ అడిగాక వేయాలి.

రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థ తడి, పొడి వేరు చేయాలనీ, తడి చెత్తను వీలైనంత తన ప్రాంగణంలోనే శుద్ధి చేసుకోవాలనీ ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది. వంద కిలోల ఆహార వ్యర్థం నుంచి బయోగ్యాస్ ప్లాంటులో వచ్చేది దాదాపు నాలుగు కిలోల ఎల్పీజీకి సమానం. సిలిండర్ల ఖర్చు మాయమైపోతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి, చెత్త సమస్య తీరడమే అసలు లాభం. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు పది టన్నుల చెత్తతో ఇలాంటి ప్లాంటు పెట్టారు, ఒకసారి వెళ్లి చూసి రండి. కొండ మీద ఇంకో కారణం కూడా ఉంది: కోతులు. గేటు బయట అన్నం గుట్ట పోశారంటే నెల తిరక్కుండా మీ బాల్కనీల మీదకు వస్తాయి.

వాడిన నూనె మళ్లీ మళ్లీ మరిగించకూడదు. నూనె మరిగే కొద్దీ అందులో పెరిగే టోటల్ పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే ఆ నూనె వాడొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. దాన్ని బయోడీజిల్ తయారీకి సేకరించే అధీకృత సంస్థలున్నాయి, వాళ్లకు ఇచ్చి రశీదు తీసుకోండి.

మెనూకు దూరం వెళ్లనక్కర్లేదు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది మీ జిల్లాదే. చేవెళ్ల కూరగాయలు మీ దారిలోనే ఉన్నాయి. సీజన్‌లో సీతాఫలం, జొన్న రొట్టె, చింతచిగురు పప్పు పెడితే, విమానంలో వచ్చిన చేప కంటే సిటీ గెస్టులు వాటి గురించే ఎక్కువ మాట్లాడతారు. గదుల్లో ప్లాస్టిక్ సీసాల బదులు గాజు సీసాలు పెట్టండి, నీటి ప్లాంటు మీదే ఉండాలి. ఆర్వో వదిలేసే నీళ్లు నేల తుడవడానికి మళ్లించండి.

పెళ్లిళ్లు

రిసార్టు ఏడాదంతా పొదుపు చేసింది మూడు రోజుల డెస్టినేషన్ పెళ్లిలో కొట్టుకుపోతుంది. గెస్టుకు ఏమీ చెప్పొద్దన్న నా మాట ఇక్కడ వర్తించదు. ఇక్కడ చెప్పాలి, అదీ అడ్వాన్సు తీసుకునేటప్పుడే.

నలభై ఐటమ్స్ కావాలని పెళ్లికూతురు తండ్రి పట్టుబడతారు. "తగ్గిస్తే ఇజ్జత్ పోతది" అంటారు. అక్కడ పర్యావరణం గురించి మాట్లాడితే పని కాదు. మీ బ్యాంక్వెట్ మేనేజర్ ఇలా అనాలి: "అంకుల్, నలభై పెడితే ఏదీ వేడిగా ఉండదు. ఇరవై పెడదాం, ఎనిమిది లైవ్ కౌంటర్లలో మీ ముందే చేసి ఇస్తాం. మీ వియ్యంకులు బిర్యానీ గురించే చెప్పుకుంటారు." చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోని వాళ్లకు నలభై రకాలూ తక్కువ మోతాదులో వండండి.

మనుషుల లెక్క ఇంకో తలనొప్పి. ఐదు వందల మందికి చెప్పి మూడు వందల యాభై మంది వస్తారు. కాంట్రాక్టులో ముందురోజు సాయంత్రం తుది లెక్క ఇచ్చేలా, తక్కువ చెబితే డబ్బు కొంత వెనక్కి వచ్చేలా నిబంధన పెట్టండి. ఎక్కువ చెబితేనే తమకు భద్రత అనుకున్నంత కాలం లెక్క ఎవరూ సరిగ్గా చెప్పరు. వడ్డించకుండా వంటగదిలో మిగిలింది పంచాలంటే 60 డిగ్రీల పైన వేడిగా ఉంచి త్వరగా చేరవేయాలి. తీసుకునే వాళ్లను ముందే మాట్లాడి పెట్టుకోండి, అర్ధరాత్రి ఫోన్లు చేస్తే ఎవరూ దొరకరు.

డెకరేషన్‌లో థర్మోకోల్ వద్దని రాసుకోండి. అలంకరణ థర్మోకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధమే. చేవెళ్ల, మొయినాబాద్ వైపు పూలతోటలు ఉండగా ప్లాస్టిక్ పూలెందుకు? మర్నాడు బంతి, చామంతి అంతా కంపోస్టుకు వెళ్తుంది. రాత్రి పది తర్వాత ఆరుబయట డీజే కుదరదని 2000 నాటి శబ్ద నిబంధనలే చెబుతున్నాయి. ఎండు అడవి పక్కన బాణసంచా విషయంలో మాత్రం బేరం పెట్టకండి, వద్దంటే వద్దు.

గెస్టులు వచ్చే దారి

సిటీ నుంచి రానూపోనూ 160 కిలోమీటర్లు అనుకుంటే పెట్రోల్ కారుకు పది లీటర్లు, అంటే 23 కిలోల కార్బన్ డయాక్సైడ్. పైన చెప్పిన ఏసీ గ్యాస్ కిలో లీకైతే ఇలాంటి ట్రిప్పులు తొంభై చేసినట్టు. పార్కింగులో ఈవీ చార్జర్లు పెట్టండి, డ్రైవర్లకు పడుకోవడానికి చోటు ఇవ్వండి, లేకపోతే వాళ్లు రాత్రంతా ఇంజిన్ ఆన్ చేసి ఏసీలో పడుకుంటారు. వికారాబాద్ జంక్షన్ ఉంది కాబట్టి స్టేషన్ నుంచి ఎలక్ట్రిక్ వ్యాన్ నడపొచ్చు. వాడేవాళ్లు మొదట్లో తక్కువే ఉంటారు, స్టాఫ్ మాత్రం రోజూ వాడతారు.

కొండను కొండలా

ఇంకా కట్టబోయేవాళ్లకు: వాలును చదును చేయకుండా మెట్లు మెట్లుగా కట్టండి. నేలకు తాండూరు, షాబాద్ బండలు వేయండి, ఇటలీ పాలరాయి ఓడలో రానక్కర్లేదు. జీవో 111 (జంట జలాశయాల పరీవాహకంలో కట్టడాలపై ఆంక్షలు పెట్టిన ఉత్తర్వు) పరిధి, అటవీ హద్దు, చెరువు శిఖం (చెరువు నిండితే మునిగే భూమి), వీటిపై ఇవాళ ఏ ఉత్తర్వు అమల్లో ఉందో మాటల్లో కాకుండా కాగితం మీద తెచ్చుకోండి. లాన్ తగ్గించి వేప, కానుగ, మోదుగ, ఇప్ప పెంచండి. త్వరగా పెరిగే విదేశీ మొక్క కోనోకార్పస్ జోలికి వెళ్లొద్దు. దారి దీపాలు పసుపు రంగులో, కిందికి చూసేలా ఉండాలి, పదకొండుకు సగం ఆర్పేయాలి. సిటీలో కనిపించని నక్షత్రాల కోసమే కదా గెస్టులు ఇంత దూరం వచ్చేది.

ఇక కార్డు, బోర్డు

పనులు అయ్యాక మంచం మీద కార్డు పెట్టుకోండి. దుప్పట్లు మూడు రోజులకోసారి మారుస్తాం, కావాలంటే రోజూ మారుస్తాం అన్న రెండు వాక్యాలు చాలు. 'కార్బన్ న్యూట్రల్', 'వంద శాతం ఎకో ఫ్రెండ్లీ' అని వెబ్‌సైట్లో రాయకండి. రుజువు లేని పర్యావరణ ప్రచారంపై కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. దానికి బదులు గదికి ఎన్ని లీటర్లు, ఎన్ని యూనిట్లు అన్న మీ రెండు అంకెలు, గత ఏడాది ఎంత, ఇప్పుడెంత అని పెట్టండి. బిల్లులో మిగిలినదాంట్లో కొంత స్టాఫ్‌కు బోనస్‌గా ఇస్తే ఆ అంకెలు ఇంకా త్వరగా దిగుతాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే, మీటర్లు ఈ నెలలోనే. షవర్లు, కుళాయిలు గదులు ఖాళీగా ఉండే మామూలు రోజుల్లో, ఒక్కో అంతస్తు చొప్పున. కందకాలు, ఇంకుడు గుంతలు మే నెలాఖరుకు పూడిక తీసి సిద్ధంగా ఉండాలి. జూన్ రెండో వారంలో వానలు వచ్చాక జేసీబీని కొండ ఎక్కిస్తే తవ్విన మట్టంతా కిందికే పోతుంది. ప్లాంటు పెద్దది చేయడానికి తవ్వకం కూడా వానలకు ముందే ముగించి, మిగతా పని ఆషాఢంలో పెట్టుకోండి, అప్పుడు పెళ్లి బుకింగులు ఉండవు.